ఆర్కిడ్ వేళ్ల తెలుపు బూజు కాదు

ప్రశ్న: మా ఫెలనాప్సిస్ ఆర్కిడ్ వేళ్లు తెల్లగా కుండీ బయటికి వేలాడుతున్నాయి. బూజనుకుని మందు కొట్టి మట్టి కప్పాను. ఆకులు వాడుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ మట్టి తీసేయండి.

అడవిలో ఫెలనాప్సిస్ చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతుకుతుంది. చెట్టు రసం మాత్రం తాగదు. దాని వేళ్లపై నిర్జీవ కణాల పొర ఉంటుంది. అది స్పాంజిలా వాననీటిని చప్పున పీల్చుకుంటుంది. ఎండినప్పుడు ఆ కణాల్లో గాలి నిండి వేరు వెండిరంగులో, తడిసినప్పుడు లోపలి పచ్చదనం తేలి ఆకుపచ్చగా కనిపిస్తుంది. మట్టి కప్పితే గాలాడక కుళ్లుతుంది.

ఆర్కిడ్‌కు తోడ్పడే శిలీంధ్రం ఉండేది వేరు లోపలి కణాల్లో, కంటికి కనపడకుండా. ఆర్కిడ్ విత్తనంలో ఆహార నిల్వ దాదాపు శూన్యం. అడవిలో అది మొలవాలంటే శిలీంధ్రమే తిండి పెట్టాలని ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ 1899లో గుర్తించాడు. ఎదిగిన మీ మొక్క ఆకులతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. శిలీంధ్రపు పొడుల మీద డబ్బు పోయకండి.

మెత్తబడిన గోధుమరంగు వేళ్లను శుభ్రమైన కత్తెరతో తీసేయండి. గట్టివాటిని ముట్టుకోవద్దు. బెరడు ముక్కలు, బొగ్గు నింపిన చిల్లుల కుండీలోకి మార్చి, వేళ్లు వెండిరంగుకు తిరిగాకే ఉదయంపూట నీళ్లు పోయండి.

మొదలు మెత్తబడినా, ఆకులపై నీరోడే మచ్చలు పాకినా ఆలస్యం చేయకుండా దగ్గరలోని ఉద్యాన శాఖ అధికారికి మొక్కను చూపించండి.