పూజ మీద కూడా మనసు పోవట్లేదా? అది భక్తి తగ్గడం కాకపోవచ్చు

గీత మొదటి అధ్యాయం మీద చేసిన వీడియోకి ఈ పోస్టు కొనసాగింపు అనుకోండి. అందులో ఒక విషయం చెప్పకుండా వదిలేశాను. టైమ్ చాలక కాదు, మొహమాటం వల్ల. ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ళ క్రితం నాకు డిప్రెషన్ వచ్చింది.

అప్పటికి హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం, ఇంట్లో పెద్ద సమస్యలేం లేవు. ముందు నిద్ర పోయింది. పదకొండింటికి పడుకున్నా మూడింటికే మెలకువ వచ్చేసేది. తర్వాత ఆకలి పోయింది. అరగంటలో అయిపోయే కోడ్ రివ్యూ ముందు సాయంత్రం దాకా కూర్చున్నా ఒక్క లైనూ బుర్రకెక్కేది కాదు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది వేరే. చిన్నప్పటి నుంచి పొద్దున్నే దీపం పెట్టుకోవడం నాకు అలవాటు. అదీ బరువైపోయింది. దేవుడి ముందు కూర్చుంటే ఏమీ అనిపించేది కాదు, కనీసం ఏడుపు కూడా వచ్చేది కాదు. నాలో భక్తి పోయిందని, ఏదో పాపం చేసి ఉంటానని నాకు నేనే తేల్చేసుకున్నాను.

ఫోన్‌లో చెబితే అమ్మ దిష్టి తగిలిందంది. నాన్న "నీకేం తక్కువరా?" అన్నారు. రూమ్మేట్ "గోవా వెళ్దాం మామా, సెట్ అయిపోతావ్" అన్నాడు. ఎవర్నీ తప్పుపట్టను. వాళ్ళకి తెలిసింది వాళ్ళు చెప్పారు.

బాధ వేరు, డిప్రెషన్ వేరు

ఇంటర్వ్యూ పోతే బాధ వస్తుంది. నాలుగు రోజులకి తగ్గుతుంది, మధ్యలో ఫ్రెండ్ జోకేస్తే నవ్వొస్తుంది. డిప్రెషన్ అలా ఉండదు. కనీసం రెండు వారాల పాటు, దాదాపు రోజంతా, మనసు కుంగిపోయి ఉండటం లేదా ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం దీని ముఖ్య లక్షణాలు. వాటితో పాటు నిద్రలో, ఆకలిలో తేడా, నీరసం, ఏకాగ్రత లేకపోవడం, "నేను పనికిరాను, తప్పంతా నాదే" అన్న ఆలోచనలు, కొందరిలో చనిపోవాలన్న ఆలోచనలు కూడా ఉంటాయి.

పై లిస్టు మళ్ళీ ఒకసారి చూడండి. ఆసక్తి పోవడం, తప్పంతా నాదే అనిపించడం, రెండూ జబ్బు లక్షణాలే. పూజలో కూర్చునే మనిషికి వస్తే అవే "భక్తి పోయింది", "పాపం చేశాను" అన్న రూపంలో కనబడతాయి. ఈ ముక్క నాకు ముందే తెలిసి ఉంటే ఆరు నెలలు దాచుకునేవాణ్ణి కాదు.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చేదీ కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం, మన దేశంలో సుమారు ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తుంది. మీ ఆఫీసు ఫ్లోర్‌లో వంద మంది ఉంటే ఐదుగురు అనుకోండి. వాళ్ళూ స్టాండప్ కాల్‌లో నవ్వుతూనే ఉంటారు.

అర్జునుడి దగ్గర నేను గమనించింది

అర్జునుడికి డిప్రెషన్ వచ్చిందని నేను అనట్లేదు. అది యుద్ధభూమిలో వచ్చిన ధర్మసంకటం. కానీ ఆ మాటల వరస చూడండి. ఒళ్ళు వణుకుతోందని, నోరు ఎండిపోతోందని, గాండీవం చేతిలోంచి జారిపోతోందని, నిలబడలేకపోతున్నానని ఆయన దాచకుండా చెప్పేశాడు. అంత పెద్ద వీరుడు, రెండు సైన్యాల మధ్య! అర్జునుడు అలా చెబుతున్నంతసేపూ, మొదటి అధ్యాయం అయ్యేదాకా, కృష్ణుడు మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. పూర్తిగా విన్నాడు.

రెండో అధ్యాయం మొదట్లో, పిరికితనం వదిలి లెమ్మని కృష్ణుడు మందలిస్తాడు కదా, మరి దానికేమంటావ్ అని మీరడగొచ్చు. మందలించాక ఏం జరిగిందో కూడా చదవండి. అర్జునుడు లేవలేదు. నాకు దారి తెలియట్లేదు, నువ్వే చెప్పమని శరణు వేడాడు, యుద్ధం చేయనని మౌనంగా ఉండిపోయాడు. అసలు బోధ అక్కడి నుంచి మొదలైంది. సాక్షాత్తూ కృష్ణుడు అన్నా, "లే, ధైర్యంగా ఉండు" అన్న ఒక్క మాటతో పని అవలేదు. మనం వాట్సాప్‌లో పంపే మోటివేషన్ కోట్‌తో అవుతుందా?

నా విషయంలో జరిగింది

మా అక్క విజయవాడ నుంచి వచ్చింది. రెండు రోజులు సలహా ఏమీ ఇవ్వలేదు, నేను చెప్పింది వింది. మూడో రోజు "ఒరే, డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేనొస్తా" అంది. "ఎర్రగడ్డకా?" అన్నాను వెటకారంగా. కాలేజీలో మేమంతా వేసిన జోకే అది. అక్క నవ్వలేదు.

సైకియాట్రిస్ట్ ముందు థైరాయిడ్, బీ12 టెస్టులు రాశారు, ఎందుకంటే అవి తక్కువైనా ఇలాంటి లక్షణాలే వస్తాయట. అవి నార్మల్ అని తేలాక మాత్రలు మొదలుపెట్టారు, కౌన్సెలింగ్‌కి కూడా పంపించారు. మాత్రల ప్రభావం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని ముందే చెప్పారు. పూజ మానమని ఒక్కసారి కూడా అనలేదు.

రెండు నెలలకి బాగైందనిపించి, చెప్పకుండా మాత్రలు ఆపేశాను. కళ్ళు తిరిగాయి, కొన్ని వారాలకి మళ్ళీ మొదటికొచ్చింది. అది పూర్తిగా నా తప్పే. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఒకరోజు పొద్దున దీపం వెలిగించి లేస్తుంటే, అసలు బరువుగా అనిపించలేదని తట్టింది. అంతే, పెద్ద అద్భుతం ఏం జరగలేదు.

మీకైనా, మీ ఫ్రెండ్‌కైనా

- రెండు వారాలు దాటితే ఆగకండి, డాక్టర్‌ని కలవండి. మందులు రాసేది సైకియాట్రిస్ట్. మాటలతో చికిత్స చేసేది సైకాలజిస్ట్. కొందరికి ఒకటి చాలు, కొందరికి రెండూ కావాలి.
- ఎవరిని కలవాలో తెలియకపోతే 14416కి కాల్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్, 2022లో మొదలైంది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.
- ఫ్రెండ్ చెబుతుంటే ముందు వినండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగొచ్చు, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే సాయం తెప్పించండి.
- జపం, పూజ చేయగలిగితే చేయండి. చేయలేకపోతే అపరాధం అనుకోకండి. జ్వరమొచ్చి పడుకున్నవాణ్ణి స్నానం చేసి సంధ్య వార్చమని ఏ అమ్మా బలవంతపెట్టదు కదా.

ఎర్రగడ్డ జోక్ నేను మానేశాను. మీరూ మానేయండి. మన మధ్య కూర్చున్న ఆ ఐదుగురిలో ఎవరో ఒకరు అది విని, చెప్పాలనుకున్న మాట మింగేస్తారు.

మళ్ళీ వచ్చే పోస్టులో కలుద్దాం. శుభం.