అమ్మ ఒళ్లు చూడాలి

ఆదివారం ఆమె చోడవరంలో బస్సెక్కింది. సంచిలో నాలుగు అరటిపళ్లు, ఉతికిన చీర ఉన్నాయి. పక్షవాతం వచ్చి తల్లి మంచాన పడింది. ఇంట్లో అందరూ కూలికి పోయేవాళ్లే. అందుకని పక్క మండలంలోని వృద్ధాశ్రమంలో పెట్టారు. నెలనెలా డబ్బు కడుతున్నారు.

"బాగున్నావేటమ్మా?" అని అడిగింది.

తల్లి ముందు ఆయా వైపు చూసింది. తరవాత, "బాగానే ఉన్నానే" అంది.

కూతురు ఆ చూపును కనిపెట్టింది. ముసలివాళ్లు చాలాసార్లు నిజం చెప్పరు. పిల్లలు బాధపడతారని దాస్తారు. చూసేవాళ్లు కసురుతారనీ భయపడతారు. అందుకే కళ్లతో, ముక్కుతో కూడా తెలుసుకోవాలి.

ఆయా బయటికి వెళ్లింది. కూతురు తల్లిని పక్కకు ఒత్తిగిలించింది. నడుం కింద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ ఉంది. వేలితో నొక్కితే రంగు మారలేదు. ముట్టుకుంటే వేడిగా ఉంది. పడక పుండు ఇలాగే మొదలవుతుంది. ఒకే వైపు గంటల తరబడి పడుకుంటే ఎముక దగ్గర చర్మానికి నెత్తురు అందదు. అక్కడ కండ చచ్చిపోతుంది. నడుం, తుంటి, మడమలు ముందు చెడతాయి. పుండు లోతుకు పోతే ప్రాణానికే ముప్పు. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. తడిసిన బట్ట వెంటనే తీసెయ్యాలి.

బాగా చూసే చోట కూడా ఒక్కోసారి పుండు పడుతుంది. అది వాళ్లకి తెలుసా, ఏం చేస్తున్నారు అని అడగాలి. "అలాటిదేం లేదు" అంటే అనుమానించాలి.

నాలుక ఎండిపోయిందా? మూత్రం కొంచెమే, ముదురు రంగులో వస్తోందా? అయితే నీళ్లు చాలడం లేదేమో. పక్క తడుస్తుందని నీళ్లు తగ్గించేవాళ్లూ ఉంటారు. జాకెట్టు వదులైతే తిండి సంగతి అడగాలి. మణికట్టు కమిలితే కట్టేశారేమో అడగాలి. పగలంతా మత్తుగా ఉంటే మందుల చీటీ చూపించమనాలి. ఒకసారి చెప్పకుండా భోజనం వేళకు వెళ్లాలి.

ఆమె గొడవ పడలేదు. తను వెళ్లాక ఆ కోపం తల్లి మీద చూపిస్తారని భయం. మేనేజరును పిలిచి మచ్చ చూపించింది. రాత్రి కొడుకు పాత నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంది: "నడుం మీద మచ్చ. నీళ్ల గ్లాసు చెయ్యి అందనంత దూరం."

మాట వినకపోతే 14567కి ఫోన్ చెయ్యవచ్చు. ముసలివాళ్ల కోసం 2021లో దేశమంతటా పెట్టిన నంబరు ఇది. డబ్బు పడదు. పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు. సోమవారం కలెక్టరు కచేరీలో అర్జీ ఇవ్వవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి చోడవరం అనకాపల్లి జిల్లాలో ఉంది. పాత అలవాటున విశాఖ వెళితే బస్సు ఛార్జీ దండగ. కన్నపిల్లలే చూడకపోతే ఆర్డీఓ దగ్గర అడగడానికి 2007 నాటి చట్టం ఉంది.

మరుసటి ఆదివారం ఆమె ఇలా రాసింది: "మచ్చ తగ్గింది. పక్క మార్చిన వేళలు గోడకి రాసి పెట్టారు. గ్లాసు ఇంకా దూరంగానే ఉంది. నేనే దగ్గరికి జరిపాను."