రంగు పోతే నీళ్లు మంచివైనట్టేనా?



అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఊదారంగు అమ్మే లూదియను గూర్చి చదువుతాము. ఆ కాలంలో రంగులు సముద్రపు నత్తల నుండి, చెట్ల వేర్ల నుండి తీసేవారు. 1856లో ఇంగ్లండులో 18 ఏళ్ల విలియం పెర్కిన్ మొదటి రసాయన రంగులలో ఒకటైన ఊదారంగును తయారు చేశాడు. అప్పటి నుండి అద్దకం పని మారిపోయింది. మన చేనేత ఊళ్లలో కూడా నూలుకు రసాయన రంగులే ఎక్కువగా వాడుతున్నారు.

ఈ రంగులు ఎందుకు చెడిపోవు?

ఎండకు, సబ్బుకు వెలిసిపోకూడదనే వీటిని తయారు చేస్తారు. ఆ గుణమే కాలువలో కీడవుతుంది. రంగు త్వరగా కుళ్లదు, నీటి మొక్కలకు వెలుగు అందనివ్వదు. తమిళనాడులో నొయ్యల్ నది పాడైనందున 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకం యూనిట్లను మూసివేయమని ఆదేశించింది.

బ్యాక్టీరియా ఏమి చేస్తుంది?

రసాయన రంగులలో పెద్ద కుటుంబం అజో రంగులు. వీటిలో రెండు నత్రజని పరమాణువులు జంటగా ముడిపడి ఉంటాయి. గాలి తగలని తొట్టిలో, తగిన ఆహారం ఉంటే, బ్యాక్టీరియా ఈ ముడిని తెంచుతుంది. రంగు మాయమవుతుంది.

ఈ పని మన కడుపులోనూ జరుగుతుంది. పెద్దప్రేగు పుండ్లకు, కీళ్లవాతానికి ఇచ్చే సల్ఫాసలజీన్ మాత్రలో ఇదే ముడి ఉంది. ప్రేగులోని బ్యాక్టీరియా దానిని తెంచితేనే మందు విడుదలవుతుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే

రంగు విరిగినప్పుడు ఆరోమాటిక్ అమైన్లు అనే ముక్కలు మిగులుతాయి. వీటిలో బెంజిడిన్ వంటివి మూత్రాశయపు క్యాన్సర్ కలిగిస్తాయి. రంగుల కర్మాగారపు పనివారిలో ఈ గడ్డలను 1895లోనే జర్మనీ వైద్యుడు లుడ్విగ్ రేన్ గుర్తించాడు. 1990లలో మన ప్రభుత్వం 112 హానికర రంగులను నిషేధించింది.

అందుచేత శుద్ధి కేంద్రంలో రెండవ మెట్టు తప్పనిసరి. గాలి ఊదే తొట్టిలో వేరే బ్యాక్టీరియా ఈ ముక్కలలో చాలావాటిని తినివేస్తుంది. మొదటి మెట్టుతో ఆపితే నీరు తేటగా కనబడుతుంది గాని విషం అందులోనే ఉంటుంది. అద్దకంలో వాడిన ఉప్పును, లోహాలను బ్యాక్టీరియా నాశనం చేయలేదు. వాటిని వేరే పద్ధతిలో తీయాలి.

అద్దకం చేసే కుటుంబాలకు మా మనవి

1. రంగుపొడి కలిపేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోండి, ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి.
2. రంగు చేతులతో అన్నం తినవద్దు. పొగ త్రాగవద్దు, పొగ కూడా మూత్రాశయపు క్యాన్సర్‌కు కారణమే.
3. రంగు డబ్బాలలో త్రాగునీరు, బియ్యం పోయవద్దు.
4. రంగునీటిని బావి దగ్గర, చెరువులో పారబోయవద్దు. తేటగా మారినా సరే, పశువులకు పెట్టవద్దు. నలుగురూ కలిసి శుద్ధి కేంద్రం కొరకు అధికారులను అడగండి.
5. మూత్రంలో రక్తం కనబడితే, నొప్పి లేకపోయినా, ఒక్కసారే కనబడినా, వెంటనే వైద్యుని వద్దకు రండి. ఏ పని చేస్తారో తప్పక చెప్పండి. తొలిదశలో కనుగొంటే నయం చేసే అవకాశం ఎక్కువ.

మన కాలువ నీరు దిగువనున్న ఊరివారికి త్రాగునీరు కావచ్చు. పొరుగువానిని ప్రేమించుట అక్కడ కూడా మొదలవుతుంది.