గూడు బండ్లును భుజముల మోతయు

పాఠ్యభాగము: సంఖ్యాకాండము 7:1–9, 2 సమూయేలు 6:1–15, ఆదికాండము 45:16–28



సంఖ్యాకాండము ఏడవ అధ్యాయము మన గృహములలో చదువబడుట అరుదు. పన్నెండు దినముల కానుకల పట్టీ ఒకే రీతిగా పన్నెండు మారులు వచ్చును గనుక కుటుంబ ప్రార్థనలో చదువువారు దానిని దాటిపోవుదురు. మేమును అనేక మారులు దాటితిమి. అయితే ఆ పట్టీకి ముందున్న తొమ్మిది వచనములు బండ్లు గలవారి కొరకే వ్రాయబడినట్లున్నవి. వాటిని ఈ నెల మీ ముందు పెట్టుటకు కారణము మొగుడంపల్లి ప్రాంతమందలి మా సంఘములోని ముగ్గురు వ్యాను యజమానులు.

ఈ ముగ్గురును కష్టపడి బ్రదుకువారే. వారమంతయు బడిపిల్లలను, అల్లమును, కూరగాయలను, పెండ్లివారిని జహీరాబాదునకును బీదరునకును చేరవేయుదురు. శనివారము సాయంకాలమున వెనుక సీట్లు విప్పి, అడ్డముగా బల్ల వేసి, పరుపు పరచి, నీళ్ల క్యాను, చిన్న గ్యాసు పొయ్యి, బియ్యము, పప్పు సర్దుకొని బయలుదేరుదురు. సింగూరు జలాశయపు ప్రక్కకో, చించోళి కొండలలోని చంద్రంపల్లి వైపునకో పోవుదురు. బీదరు నుండి, సదాశివపేట నుండి మరి కొందరు వ్యాన్లవారు అక్కడికి వచ్చెదరు. ఎనిమిదో పదియో బండ్లు వరుసగా నిలిపి, అందరును కలిసి వండుకొని, టైర్ల ధరలను, డీజిలు ఖర్చును, ఏ మెకానిక్కు నమ్మదగినవాడన్న సంగతిని మాటలాడుకొని, బండ్లలోనే నిద్రించి, ఆదివారము ప్రొద్దుగూకినాక ఇండ్లకు చేరుదురు. నగరములలో దీనికి క్యాంపరు వ్యాను ప్రయాణమని పేరట.

ఆదివారము! మా కోపమంతయు అక్కడనే. వరుసగా మూడు ఆదివారములు వారి బల్ల ఖాళీగా నుండెను. ముగ్గురిలో ఒకడు డోలకు వాయించువాడు. వాడు లేనందున పాటలు ఒకరు ముందు ఒకరు వెనుకగా సాగెను. నాలుగవ ఆదివారమున మేము హెబ్రీ పత్రిక 10:25 తీసికొని సమాజముగా కూడుట మానువారిని గూర్చి కఠినముగా ప్రసంగించితిమి. అప్పుడును ఆ యువకులు లేరు, వారి తల్లులున్నారు. మేము వారి ముఖములు చూచుచునే మాటలాడితిమి. ఒక తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొనెను. ఆ ప్రసంగము బాగుండెనని ఇద్దరు పెద్దలు మాతో చెప్పిరి. మేమును అట్లే అనుకొంటిమి.

తరువాత నిమ్మళముగా ఆలోచింపగా, ఇల్లు విడిచి బండిలోను గుడారములోను ఉండుట మన వారికి క్రొత్త కాదని తోచెను. ఏడు దినములు పర్ణశాలలలో నివసింపవలెనని దేవుడే తన ప్రజలకు పండుగ నియమించెను (లేవీయకాండము 23:42). ఇంగ్లండులో 1885లో స్టేబిల్సు అను నౌకాదళపు వైద్యుడు రెండు గుఱ్ఱములు లాగు ఇంటివంటి బండిని చేయించుకొని ఊరూర తిరిగెను. దానికి ‘సంచారి’ అను అర్థమిచ్చు పేరు పెట్టెను. అట్టి బండ్లవారు 1907లో ఒక సంఘముగా కూడిరి. జర్మనీలో 1950 తరువాత ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో మంచము, అలమార అమర్చి అమ్మసాగిరి. మన దేశములో కేరళ ప్రభుత్వము 2021లో ఇట్టి బండ్ల యాత్రలకు ప్రత్యేక విధానము ప్రకటించెను. ఇదంతయు దూరపు సంగతి. మన సంగతి చూడుడి. మిషనరీ దొరలు చలికాలములో ఎడ్లబండ్లమీద గుడారములు వేసికొని గ్రామ గ్రామము తిరుగుట మన తాతలు చూచిరి. వికారాబాదు జిల్లా ధారూరులో 1923 నుండి నవంబరు నెలలో జరుగుచున్న మెథడిస్టు క్రైస్తవ జాతరకు తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర గ్రామములనుండి వేలకొలది జనులు పోయి డేరాలు వేసికొని దినముల తరబడి ఉందురు. ఒకప్పుడు ఆ మైదానము నిండ బండ్లే. మన జహీరాబాదు ప్రాంతములోనే ఇరువది యేండ్లకు పైగా సంక్రాంతి మొదలు దాదాపు నెల దినములు పాత పంటల జాతర జరుగుచున్నది. దక్కన్ డెవలప్‌మెంటు సొసైటీకి చెందిన సంఘముల స్త్రీలు జొన్న, కొఱ్ఱ, సామ, తొగరి విత్తనములను అలంకరించిన ఎడ్లబండ్లలో పెట్టుకొని ఊరినుండి ఊరికి పోవుదురు. బండ్లు కూడుట పాపమైనచో ఇవన్నియు పాపములే కావలెను గదా.

ఇప్పుడు మన పాఠమునకు వత్తము. మందిరము నిలువబెట్టబడిన తరువాత పన్నెండుమంది ప్రధానులు కానుక తెచ్చిరి: ఆరు గూడు బండ్లు, పన్నెండు ఎద్దులు. ఒక్కొక్కనికి ఒక ఎద్దు వచ్చెను గాని బండి మాత్రము ఇద్దరికి ఒకటి. ఈ లెక్కను మేము చాలకాలము గమనింపలేదు. గోత్ర ప్రధానులు బీదవారు కారు. ఒక్కొక్కడు ఒక వెండి గిన్నెయు, ఒక వెండి ప్రోక్షణపాత్రయు, ధూపద్రవ్యముతో నిండిన బంగారు ధూపార్తియు తెచ్చినట్లు తరువాతి వచనములలోనే యున్నది. బండి చేయించుటకు చేతగాక కాదు. అయినను ఇద్దరు కలిసి ఒక బండి యిచ్చిరి. ఒకడు తన యెద్దును తెచ్చినను ప్రక్కవాడు తన యెద్దును తేనిదే ఆ బండి కదలదు. ఒంటి యెద్దుతో జోడెడ్ల కాడి నిలువదని మన రైతులకు మేము చెప్పనక్కరలేదు.

మోషే ఆ బండ్లను సమముగా పంచలేదు. వారి వారి సేవ చొప్పున ఇచ్చెను. గెర్షోనీయులు తెరలు, పైకప్పులు మోయువారు. వారికి రెండు బండ్లు, నాలుగు ఎద్దులు. మెరారీయులది పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు మోయు పని. వారికి నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. మెరారీయుల బరువు ఎంతయని ఒక సాయంకాలము ఆ ముగ్గురు యువకులతో కూర్చుండి లెక్క చూచితిమి. పలకలు నలుబది యెనిమిది. వెండి దిమ్మలు నూరు, ఒక్కొక్కటి ఒక తలాంతు (నిర్గమకాండము 38:27), అనగా సుమారు 34 కిలోలు. వెండియే 3,400 కిలోలు! నాలుగు బండ్లకు పంచినచో బండికి 850 కిలోలు. దానిమీద పలకలు, కఱ్ఱలు. వ్యాను నడుపు వాడొకడు నోరు తెరచి, “అయ్యగారూ, ఇది ఓవర్‌లోడు గదా, ఇసుకల ఎట్ల నడిచినయి ఆ ఎడ్లు?” అనెను. మాకు జవాబు తోచలేదు. వేదపాఠశాలలో మా గురువులు ఈ ప్రశ్న అడుగలేదు.

కహాతీయులకో, ఒక బండియు ఇయ్యబడలేదు. మందసము, బల్ల, దీపవృక్షము, బలిపీఠములు వారి పాలు. అవి భుజములమీదనే మోయవలసినవి. ముప్పది మొదలు ఏబది యేండ్ల లోపువారు 2,750 మంది యుండిరి. ఇసుక దారిలో ప్రక్కన బండ్లు పోవుచుండగా వీరు నడిచిరి. మాకును బండి యేల లేదని వారు అడుగవచ్చును. అడిగినట్లు వ్రాయబడలేదు.

చాలకాలము తరువాత దావీదు ఈ సంగతి మరచెను. మందసమును అబీనాదాబు ఇంటనుండి తెచ్చుటకు క్రొత్త బండి సిద్ధపరచిరి. మంచి ఉద్దేశమే, మంచి బండియే; పాటలున్నవి, తంబురలున్నవి. నాకోను కళ్లమునొద్ద ఎద్దులకు కాలు జారెను, ఉజ్జా చేయి చాపెను, అక్కడనే చచ్చెను. మందసము మూడు నెలలు ఓబేదెదోము ఇంట నిలిచిపోయెను. రెండవ మారు దానిని భుజములమీద మోసిరి. దావీదు బండిని ద్వేషించెనని లేఖనము చెప్పదు. బండిమీద పోదగినది ఒకటి, పోదగనిది ఒకటి యున్నదని మాత్రము ఆయన నేర్చుకొనెను.

ఈ పాఠమును ఆ యువకులకు బోధింపవలెనని మేము సిద్ధపడుచుండగా, బోధ మాకే వచ్చెను. మా సంఘములో ఎనుబది యేండ్లు దాటిన ఒక విధవరాలు గలదు. మోకాళ్లు పనిచేయవు. మేము ప్రార్థనకు ఆమె యింటికి పోగా, ఆ ప్రసంగపు మాట ఆమెయే ఎత్తెను.

“అయ్యా, పోరగాండ్లను గంత తిడితివట గదా?”

“ఆదివారము మానుచున్నారు గదమ్మా,” అంటిమి.

“మానుడు తప్పే. గని మా చిన్నతనంల ధారూరు పోయేటప్పుడు మూడు దినాలు తొవ్వ. కోహీరు, మర్పల్లి మీదికెల్లి పోతుంటిమి. మా నాయిన బండికి గూడు కట్టి, మమ్ముల కూసోబెట్టి, తను నడుస్తుండె. బండి లేనోల్ల పిల్లలు గుడ మా బండిలనే. గిప్పుడు మీరు కారుల పోతరు. ఈ పోరగాండ్లు వ్యానుల పోతరు. నన్నెవ్వరు అడిగిరి? పదకొండేండ్లాయె నేను ధారూరు సూడక.”

మేము తల వంచుకొంటిమి. ఏటేట జాతరకు పోవుచున్న మేము, మా కారులో ఒక సీటు ఖాళీగా నుండగా, ఆమెను ఏనాడును అడుగలేదు. ఆదివారము మానినవారిని గూర్చి ఒక గంట ప్రసంగించితిమి. గుడికి రాలేక మానినవారిని లెక్కించినదే లేదు. ఆ దినముననే సంఘ పట్టీ తీసి చూడగా, నడువలేక ఇంటనే యుండువారు తొమ్మిదిమంది తేలిరి.

యోసేపు ఐగుప్తునుండి బండ్లు పంపిన సంగతి మీకు తెలియును. పసిపిల్లలను, స్త్రీలను, ముసలి తండ్రిని తెచ్చుటకే ఫరో ఆ బండ్లు పంపుమనెను. కుమారులు వచ్చి యోసేపు బ్రదికి యున్నాడని చెప్పగా యాకోబు నమ్మలేదు. అతని ప్రాణము తెప్పరిల్లినది బండ్లను చూచినప్పుడు. వట్టి బండ్లు గావవి, ముసలివాని కొరకు వచ్చిన బండ్లు.

మరుసటి శనివారము మేమే ఆ ముగ్గురి యొద్దకు పోతిమి. మొదట వారి తల్లుల యెదుట మా మాటకు క్షమాపణ అడిగితిమి. తరువాత మేము కలిసి నిర్ణయించుకొన్నది యిది. నెలకొక మారు శనివారపు ప్రయాణమునకు పోవచ్చును. ఆ ఆదివారము బస చేసిన చోటికి దగ్గరనున్న గ్రామ సంఘములో ఆరాధనకు కూడవలెను. దగ్గర గుడి లేనిచో ఫిలిప్పీలో పౌలు చేసినట్లు ఏటి యొద్దనే ప్రార్థింపవచ్చును (అపొ. కార్యములు 16:13). మిగిలిన ఆదివారములలో వంతు చొప్పున ఒక వ్యాను ఉదయము ఆ తొమ్మిదిమంది యిండ్ల ముందు నిలువవలెను. ఇతర వ్యాన్లవారు నవ్వుదురేమోనని ఒకడు సందేహించెను. నవ్వలేదు సరికదా, బీదరు వ్యాన్లవారిలో ఇద్దరు, మన సంఘస్థులు కానివారే, తమ ఊరి ముసలివారి కొరకు ఇట్లు చేయుదుమనిరట.

బండ్లలో నిద్రించువారికి రెండు మాటలు చెప్పక తప్పదు. మన ప్రాంతమున డిసెంబరు, జనవరి చలి గట్టిది. అద్దములు మూసిన వ్యానులో బొగ్గుల కుంపటి గాని వెలిగించిన గ్యాసు పొయ్యి గాని పెట్టుకొని పండుకొనకుడి. దాని విషవాయువునకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. వంట బయటనే కానిండు, పండుకొనునప్పుడు రెండు ప్రక్కల అద్దములు కొంచెము దించుడి. మరియు జాతర కాలమున సరుకులు మోయు బండ్ల వెనుక మనుష్యులను నింపుట మన గ్రామములలో ఇంకను కలదు. చట్టమునకు విరోధమన్నది అటుండనిండు. మలుపులో బండి బోర్లపడినప్పుడు పట్టుకొనుటకు కమ్మి యైనను ఉండదు. రోగులను, ముసలివారిని సీట్లున్న బండిలోనే కూర్చుండబెట్టుడి.

గడచిన నవంబరులో మూడు వ్యాన్లు ధారూరునకు పోయినవి. ఆ తొమ్మిదిమందిలో ఆరుగురు వచ్చిరి. ముగ్గురికి వైద్యులు ప్రయాణము వలదనిరి. ఆ తల్లి దారి పొడుగున కిటికీ వదలలేదు. మర్పల్లి దాటినాక తమ ఎడ్లు నీళ్లు త్రాగిన కుంట యెక్కడని వెదకెను గాని కనబడలేదు. ధారూరులో జనము మిక్కుటము గనుక వ్యాన్లను పందిరికి చాల దూరముననే ఆపించిరి. అక్కడినుండి దుమ్ములో నడక. ఏమి చేయుదుమాయని మేము చూచుచుండగా, డోలకు వాయించు యువకుడు వంగి ఆమెను వీపునెక్కించుకొనెను. మేము ఆమె చెప్పులును కఱ్ఱయు పట్టుకొని వెనుక నడిచితిమి. ఆమె మధ్య మధ్య వాని భుజము తట్టి, “మెల్లగ బిడ్డా, ఎడ్లను గట్ల ఉరికించొద్దు,” అనుచుండెను.

రాబోవు జాతరకు వ్యాన్లలో రాగోరు వృద్ధులు, రోగులు దసరా పండుగ లోపల తమ పేర్లు సంఘ పెద్దలకు ఇయ్యవలెను. సీట్లు వారికి ముందు, మిగిలినచో మాకు. వ్యాను గలవారు ఇంకెవరైన ఉన్నయెడల వారును చెప్పుదురు గాక. ఇద్దరు కలిసి ఒక బండి ఇచ్చినను చాలును.