డిస్కు ఎందుకు నిదానించిందో ముందు చూడు

మా ప్రొద్దుటూరులో, అటు జమ్మలమడుగులో, పులివెందులలో సొంతంగా కంప్యూటరు బిగించుకునే పిల్లలకు కొదవ లేదు. పులివెందులకు 2006లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, ఇడుపులపాయకు 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చాక కేబినెట్ మూత తీయాలంటే ఉండే బెరుకు చాలావరకు పోయింది. ఒకప్పుడు చెన్నై రిచీ స్ట్రీటు నుంచి బస్సులో తెప్పించుకున్న సామాను ఇప్పుడు ఇంటికే వస్తోంది. బోర్డు, ర్యామ్ మంచివో కావో గంటలో తేలిపోతుంది. హార్డ్ డిస్కు దగ్గరే అందరికీ చిక్కు. "అన్నా, ఫార్మాట్ పెట్టి మూడు గంటలైంది, ఇంకా నలభై శాతమే. డిస్కు పోయినట్టేనా?" అని అడుగుతుంటారు. నిదానం ఒక్కటే చూసి చెప్పలేం నాయనా, నిదానానికి కారణం చూసి చెప్పాలి. నేను చూసే వరస ఇది.

1. ముందు లెక్క వేయి. 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. డిస్కు సగటున సెకనుకు 120 ఎంబీ రాస్తుందనుకున్నా, మొత్తం నిండడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు కావాలి. అదే డిస్కును పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలిస్తే సెకనుకు 30 ఎంబీ రావడమే గొప్ప. అప్పుడు తొమ్మిది గంటలు దాటుతుంది. 4 టీబీ అయితే నేరుగా బోర్డుకు పెట్టినా తొమ్మిది గంటలకు పైగా పని. పైగా రాత పళ్లెం బయటి అంచు నుంచి మొదలై లోపలికి పోతుంది, పోయేకొద్దీ వేగం దాదాపు సగానికి పడిపోతుంది. మొదటి పది శాతం చూసి మిగతాది లెక్కగడితే తప్పుతుంది. రాత్రి పడుకునే ముందు పెట్టు. పవర్ సెట్టింగుల్లో స్లీప్ మాత్రం తీసేయి.

2. క్విక్ ఫార్మాట్ పరీక్ష కాదు. అది ఫైల్ సిస్టమ్‌కు కావలసిన నాలుగు పట్టికలు రాసి లేచిపోతుంది. డిస్కులో ఎన్ని చోట్ల పాడై ఉన్నా దానికి తెలియదు. ఫుల్ ఫార్మాట్ ఎక్స్‌పీ కాలంలో ప్రతి సెక్టారునూ చదివి మాత్రమే చూసేది. 2007లో విస్టా వచ్చినప్పటి నుంచి ప్రతి సెక్టారులోనూ సున్నాలు రాస్తుంది. లినక్స్ వాళ్లకు బ్యాడ్‌బ్లాక్స్ ఉంది. దాని రాత పరీక్ష నాలుగు రకాల నమూనాలు రాసి, నాలుగుసార్లూ తిరిగి చదువుతుంది. 4 టీబీ డిస్కుకు దాదాపు మూడు రోజులు పడుతుంది. ఇంట్లో వాడుకునే మిషనుకు అంత అక్కర్లేదని నా అభిప్రాయం.

3. డిస్కును అనే ముందు వైరు చూడు. వేగం మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా తక్కువగా ఉంటే తప్పు చాలాసార్లు డిస్కుది కాదు. ఐడీఈ రోజుల్లో 80 తీగల రిబ్బన్ బదులు 40 తీగలది పెడితే వేగం 33 ఎంబీ దగ్గర ఆగేది. ఎక్స్‌పీ అయితే తప్పులు దొర్లుతూ పోతే వేగం మెట్టు మెట్టుగా తగ్గించి, చివరికి డిస్కును అన్నిటికన్నా నిదానమైన పీఐఓ మోడ్‌కు దించేసేది. ఇక ఫార్మాట్ తెల్లారినా అయ్యేది కాదు. పాత మిషన్లలో ఇప్పటికీ ఇదే. సాటా వచ్చాక ఆ గోల తగ్గింది గానీ వదులైన కేబుల్ ఇంకా ఏడిపిస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి సీ7 వరుస చూడు, అది సీఆర్‌సీ తప్పుల లెక్క. అది పెరుగుతూ పోతుంటే కేబుల్ మార్చు. పాత అంకె చెరిగిపోదు, మార్చాక ఇంక పెరగకపోతే చాలు.

4. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బాగా నడుస్తూ నడుస్తూ ఒకచోట నిలబడిపోయి, మళ్లీ కదిలి, మళ్లీ నిలబడుతుంటే అది డిస్కు జబ్బే. చదవలేని సెక్టారును డిస్కు ఓపికగా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒక్కో సెక్టారు దగ్గర ఎన్నో సెకన్లు పోతాయి. అట్లాంటి సెక్టార్ల లెక్క సీ5 వరుసలో ఉంటుంది. ఫార్మాట్‌కు ముందు సీ5, బదులు వాడిన సెక్టార్ల లెక్క చూపే 05, ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసుకో. (ఆ సాఫ్ట్‌వేర్ అంకెలు హెక్సాలో చూపిస్తుంది. మెనూలో పదుల లెక్కకు మార్చుకో, లేకుంటే 10ని చూసి పదనుకుంటావు, అది పదహారు.) ఫుల్ ఫార్మాట్ అయ్యాక మళ్లీ చూడు. సీ5 సున్నాకు దిగి 05 కదలకపోతే పళ్లెం బాగానే ఉంది. రాస్తుండగా కరెంటు పోయి ఆ సెక్టార్లు సగంలో చెడి ఉంటాయి, కొత్తగా రాసేసరికి సరిపోయాయి. సీ5 తగ్గి 05 పెరిగితే ఆ చోటు నిజంగానే పాడైంది, డిస్కు తన దగ్గరున్న అదనపు సెక్టారును దాని బదులు వాడుకుంది. ఇంకోసారి ఫుల్ ఫార్మాట్ చేయి. 05 మళ్లీ పెరిగితే అందులో సినిమాలు పెట్టుకో, పెళ్లి ఫొటోలు మాత్రం పెట్టొద్దు.

5. లోపల కావలసిన డేటా ఉంటే పైవేవీ చేయొద్దు. చెక్‌డిస్క్ కూడా వద్దు. ముందు డేటాను ఇంకో డిస్కులోకి తీసుకో, తర్వాతే పరీక్ష. టకటకమని చప్పుడు వస్తుంటే ఆపేసి పక్కన పెట్టు.

6. మన మే నెల ఎండల్లో డిస్కు వేడిని పట్టించుకో. పొడుగాటి ఫార్మాట్‌లో డిస్కు విశ్రాంతి లేకుండా తిరుగుతుంది. 50 డిగ్రీలు దాటితే కేబినెట్ తెరిచి చిన్న ఫ్యాను పెట్టు. యర్రగుంట్ల వైపు సిమెంటు, నాపరాళ్ల దుమ్ము ఉండే ఊళ్లలో ముందు దుమ్ము దులుపు.

7. కొన్ని డిస్కుల తయారీయే అంత. ఎస్ఎమ్ఆర్ రకంలో ట్రాకులు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. నిండిన చోట తిరగరాయాలంటే పక్క ట్రాకులూ మళ్లీ రాయాలి. వరసగా రాసే ఫార్మాట్ బాగానే పోయి, తర్వాత కాపీ చేసేటప్పుడు వేగం ఒక్కసారిగా పడిపోతే ఇదే కారణం కావచ్చు. 2020లో ఈ రకం డిస్కులను కంపెనీలు చెప్పకుండా అమ్మాయని ప్రపంచమంతా గొడవైంది. కొనేముందు మోడల్ నంబరు వెతికి చూసుకో.

8. ప్రొద్దుటూరు అంటే బంగారం అంగళ్లు, బంగారం అంగళ్లంటే సీసీ కెమెరాలు. కెమెరా రికార్డరులోని డిస్కు రాత్రీపగలూ తిరుగుతుంది, ఏడాదికి 8,760 గంటలు. పాత డిస్కు చవగ్గా దొరికితే నడిచిన గంటలు చూడు. ఇరవై ఆరు వేలు అంటే మూడేళ్లు ఆగకుండా తిరిగింది. గంటలను కూడా గుడ్డిగా నమ్మకు. 2025 మొదట్లో ఐరోపాలో వాడిన డిస్కుల గంటలు సున్నా చేసి కొత్తవని అమ్మిన సంగతి బయటపడింది. బేరం కుదిరినా రాత్రంతా పరీక్ష పెట్టనిస్తేనే డబ్బివ్వు.

9. నీ పాత డిస్కు అమ్మేటప్పుడూ ఇదే ఓపిక కావాలి. క్విక్ ఫార్మాట్ చేసి ఇచ్చిన డిస్కులోంచి ఫొటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తోనే బయటికి తీయొచ్చు. స్టూడియోల వాళ్లకు, అంగళ్ల వాళ్లకు మరీ చెబుతున్నాను: ఫుల్ ఫార్మాట్ పూర్తయ్యే దాకా డిస్కును ఎవరి చేతికీ ఇవ్వొద్దు.