లింక్డిన్‌లో ఖాతా తెరిచే ముందు, తెరిచాక



నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా మా నాన్న ఫోన్ చేసి, "చదువు అయిపోవస్తుంది గదా, నౌకరీ కోసం ఎవర్ని అడగాల్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. తాపీ పని కావాలంటే నాన్న ఒక్క ఫోనుతో ఇప్పించగలడు. లాబొరేటరీలో పని కావాలంటే ఎవరికి ఫోన్ చేయాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఈ సంగతి మీదే మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సమాజ శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో ఉద్యోగం మారినవాళ్ళను కలిసి అడిగాడు. తెలిసినవాళ్ళ ద్వారా పని దొరికినవాళ్ళలో, తరచుగా కలిసే మనిషి ద్వారా దొరికింది 16.7 శాతం మందికే. అప్పుడప్పుడు కలిసే మనిషి ద్వారా 55.6 శాతం మందికి, ఏడాదికి ఒకసారి కూడా కలవడం కష్టమైన మనిషి ద్వారా 27.8 శాతం మందికి దొరికింది. మన పక్కన కూర్చొని తినేవాడికి తెలిసిన కబురు మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు దూరపు పరిచయం నుంచి వస్తుంది. మనకు రూంమేట్లకు కొదవ లేదు. లేనిది ఆ దూరపు పరిచయమే.

దానికి పనికొచ్చేది లింక్డిన్. 2003లో మొదలైంది, 2016లో మైక్రోసాఫ్ట్ కొన్నది. సభ్యులు వంద కోట్లు దాటారు. ఖాతా ఉచితం. డబ్బు కట్టే ప్రీమియం కూడా ఉంది గానీ, మొదట్లో దాని జోలికి పోనక్కరలేదు.

ఖాతా తెరిచేటప్పుడు ఫోన్ నంబరు మీదే ఆధారపడవద్దు. మనం రీచార్జి చేయించలేక సిమ్ములు పోగొట్టుకుంటాం. తర్వాత ఓటీపీ ఎవరికో పోతుంది. మంచి పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ నోటుబుక్కులో రాసి ట్రంకు పెట్టెలో దాచుకోండి. పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి. ఫొటోకు స్టూడియో అవసరం లేదు. తెల్ల గోడ ముందు, పగటి వెలుతురులో మిత్రుడు తీసింది చాలు.

పేరు కింద ఉండే ఒక వరుసను హెడ్‌లైన్ అంటారు. నేను తప్పు చేసింది అక్కడే. నేను ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ. అందరూ రాస్తున్నారని నేనూ "హెచ్‌పీఎల్‌సీ నిపుణుడు" అని రాసుకున్నాను. పైగా కంపెనీల్లో పనిచేసే నలభై మందికి "హాయ్ సర్, జాబ్ ప్లీజ్" అని పంపాను. ఒక్కరూ పలకలేదు. ముక్కూ మొహం తెలియనివాడు బస్టాండులో చొక్కా పట్టుకొని ఉద్యోగం అడిగితే మనమైనా పలుకుతామా?

తర్వాత తెలిసింది, లింక్డిన్‌లో కాలేజీ పేజీ తెరిస్తే అక్కడ చదివినవాళ్ళు ఏ ఊళ్ళో, ఏ కంపెనీలో ఉన్నారో వెతకవచ్చని. అలా వెతికితే పటాన్‌చెరు వైపు మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చేస్తున్న సీనియర్ ఒకాయన కనిపించాడు. ఆహ్వానంతో పాటు చిన్న నోటు రాయవచ్చు. ఉచిత ఖాతాకు అవి నెలకు కొన్నే వస్తాయి కాబట్టి ఆలోచించి వాడాలి. వచ్చీరాని ఇంగ్లీషులో ఇలా రాశాను: "సర్, మీరు చదివిన కాలేజీలోనే ఎమ్మెస్సీ చదువుతున్నాను. మీ విభాగంలో కొత్తవాళ్ళను ఏం అడుగుతారో పది నిమిషాలు చెప్పగలరా?" ఉద్యోగం మాట ఎత్తలేదు.

పదకొండో రోజున జవాబు వచ్చింది. ఫోనులో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "హెచ్‌పీఎల్‌సీ మీద నీ చేత్తో ఎన్ని శాంపిళ్ళు నడిపావు?" మా ల్యాబులో ఉన్నది ఒక్కటే. సార్ నడిపితే మేము చుట్టూ నిలబడి చూసినవాళ్ళం. అదే చెప్పాను. "అయితే ముందు ఆ ముక్క తీసెయ్, ఇంటర్వ్యూలో అక్కడే పట్టుకుంటారు" అన్నాడు. ఇప్పుడు నా హెడ్‌లైన్‌లో టైట్రేషన్లు, యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్ ఉన్నాయి. అవి నేను చేసినవి. రెండు నెలల తర్వాత కొత్తవాళ్ళను తీసుకుంటున్నారని ఆయనే కబురు పంపాడు. ఆ ఇంటర్వ్యూలో నేను నెగ్గలేదు. కానీ అలాంటి గదిలో కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

ఇక చాలామంది అడగలేక అడిగే ప్రశ్న. ప్రొఫైల్‌లో సంక్షేమ హాస్టల్ పేరు రాయాలా? రాస్తే కులం తెలిసిపోతుందని భయం. ఆ భయం ఉత్తదని నేను అనను. సిగ్గుపడాల్సింది మనం కాదు, అదీ నిజమే. ఎవరి నిర్ణయం వారిది. నేను హాస్టల్‌లో చేసిన పని రాశాను, హాస్టల్ పేరు రాయలేదు. మూడేళ్ళు మెస్ కమిటీలో సరుకుల లెక్కలు చూశాను. అది అనుభవమే. మన హాస్టల్ అన్న ఎవరైనా దొరికితే మాత్రం నోటులో మొదట రాసేది హాస్టల్ పేరే.

లింక్డిన్‌లో కనిపించినంత మాత్రాన ప్రతి ఉద్యోగమూ నిజం కాదు. శిక్షణ ఫీజు, డిపాజిట్ అని డబ్బు అడిగితే అది మోసమే. మా జూనియర్ ఒకడు యూనిఫాం పేరుతో 2,500 రూపాయలు కట్టాడు. మరునాటి నుంచి ఆ నంబరు మోగలేదు. అలా డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యం చేసే కొద్దీ ఆ డబ్బును ఆపడం కష్టం.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు ఒక మనవి. తమ్ముళ్ళు రాసే ఇంగ్లీషులో తప్పులుంటాయి. కోప్పడకుండా రెండు ముక్కలు జవాబు రాయండి. ఉద్యోగం ఇప్పించలేకపోయినా, ఏది తీసెయ్యాలో చెప్పండి.

వార్షికోత్సవం నాడు భోజనాల తర్వాత నేను స్టడీ హాల్లో ఉంటాను. ఖాతా లేనివాళ్ళు పదో తరగతి మెమో, ఈమెయిల్ పాస్‌వర్డ్ తెచ్చుకోండి. ఫొటో అక్కడి తెల్ల గోడ ముందే తీద్దాం.