గానశిల్పముల చరిత్రకు సాక్ష్యములను వెదకు విధము



కొన్ని యేండ్ల క్రిందట నా తరగతిలోని యొక బాలుడు డప్పునుగూర్చి వ్యాసము వ్రాయ నుద్దేశించెను. గ్రంథాలయములో దొరకిన సంగీత గ్రంథములన్నియు తిరుగవేసి, వారము దినములకు నా యొద్దకు వచ్చి, “మాస్టరుగారూ, ఈ వాద్యమునకు చరిత్ర లేదండీ” యనెను. నేనును విచారింపకయే, “అట్లయిన వీణనుగూర్చి వ్రాయుము” అంటిని. ఆ బాలుని తాతగారు నలువది యేండ్లు డప్పు వాయించినవారని నాకు పిమ్మట తెలిసినది. నేను పోయి యడుగ దలచునప్పటికి ఆయన కాలము చేసియుండెను. పుస్తకములో కానరానిది లోకములోనే లేదనుకొంటిమి. ఆ తప్పు బాలునిది కాదు, నాది. అట్టి తప్పు మీరు చేయకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గానమునకుగాని శిల్పమునకుగాని చరిత్ర వెదకువారికి నాలుగు విధములైన సాక్ష్యములు కలవు. అవి వస్తువు, వ్రాత, ధ్వని, నోటిమాట.

మొదటిది వస్తువు. కామవరపుకోట దాపున గుంటుపల్లి కొండలో బౌద్ధుల గుహలు కలవు. వానిలో గుండ్రని చైత్యగృహము క్రీస్తునకు పూర్వపుదని పండితులు నిర్ణయించిరి. లోపల నిలిచి పైకి చూడుడు. కొయ్యవాసములు కూర్చినట్లు కప్పు ఱాతిలో చెక్కబడియున్నది. ఱాతికప్పునకు వాసములతో పనిలేదు. కావున అంతకుముందు కొయ్యతో కట్టిన కట్టడముల రూపమునే శిల్పి అనుకరించెనని తెలియుచున్నది. కొయ్యకట్టడములు నశించినను వాని సాక్ష్యము ఱాతిలో నిలిచినది. ఆ గుహనే ప్రజలు ధర్మలింగేశ్వరుని గుహ యందురు. ఈ పేరు, తొలిపించినవారి యుద్దేశమును తెలుపదు. తరువాతివారు దానిని ఎట్లు పూజించిరో తెలుపును. ఏ సాక్ష్యము ఏ సంగతికి చెల్లునో వివేచించుటయే పరిశోధనలో మొదటి పాఠము.

వస్తువులన్నియు ఒకచోట నుండవు. అమరావతి స్తూపపు ఫలకములు కొన్ని అమరావతిలోను, కొన్ని చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములోను, కొన్ని లండనులోని బ్రిటిషు మ్యూజియములోను ఉన్నవి. సున్నమునకై కాల్చబడినవియు కలవు. 1816వ సంవత్సర ప్రాంతమున కాలిన్ మెకెంజీ దొర వ్రాయించిన చిత్రములు నిలిచినందున, పిమ్మట నశించిన కొన్ని ఫలకముల రూపము మనకు దక్కినది. ఆ శిల్పములలో విల్లువలె వంగిన వీణలును, మద్దెలలును, పిల్లనగ్రోవులును కానవచ్చును. కాబట్టి పూర్వపు వాద్యములను వెదకువారు సంగీత గ్రంథములతో తృప్తినొందక శిల్పములనుగూడ చూడవలెను.

రెండవది వ్రాత. సుబ్బరామ దీక్షితులుగారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో తెలుగులోనే అచ్చయినది. ఆంగ్లములో డే దొరగారి గ్రంథము 1891లోను, క్రైస్తవ మిషనరీయైన పాప్లేగారి గ్రంథము 1921లోను వెలువడినవి. ఇవి విలువగలవే. అయినను ప్రతి గ్రంథమును చదువునపుడు, ఇది ఎవరు, ఎప్పుడు, ఎవరి పాట విని వ్రాసిరి యని యడుగుడు. విద్వాంసుల గానమును గూర్చి వ్రాసిన పుటలు ఎన్నియో. పల్లెవాద్యములకు దక్కినవి కొన్నియే. వ్రాతకు హద్దు కలదనుటకు మరియొక నిదర్శనము చెప్పెదను. తాళ్లపాక అన్నమాచార్యుల పాటలు వేలకొలదిగా రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో నిలిచినవి. వానియందు రాగముల పేర్లు కలవు, స్వరములు లేవు. సాహిత్యము చేతికందెను, వరుస అందలేదు.

గ్రంథపట్టికలలోను అంతర్జాలములోను వెదకునపుడు పేర్లయందు జాగ్రత్త వలయును. డప్పు అనియు, తప్పెట అనియు, పలక అనియు వెదకుడు. ఒక పేరుతో దొరకనిది మరియొక పేరుతో దొరకును. నాట్యశాస్త్రము వాద్యములను తత, అవనద్ధ, ఘన, సుషిరములని నాలుగు తెగలు చేసెను. తంత్రులవి, చర్మము బిగించినవి, కంచు తాళములవంటివి, ఊదునవి యని వాని యర్థము. 1914లో హార్న్‌బొస్టెల్, సాక్సు అను పండితులు ప్రకటించిన పట్టికలోను ఈ నాలుగు తెగలే మూలము. విదేశపు మ్యూజియములు నేటికిని దానిని వాడుచున్నవి. అందు మన డప్పు ‘మెంబ్రనోఫోను’ అను తెగలో చేరును. అయితే అరబ్బుల ‘దఫ్’తో పేరు పోలినంతమాత్రమున ఒకటి మరియొకదానినుండి పుట్టెనని తీర్మానింపకుడు. పోలిక విచారణకు ఆరంభమేగాని ముగింపు కాదు.

మూడవది ధ్వని. దేశదేశముల గానమును యంత్రములో పట్టి దాచు ధ్వనిశాల 1900లో బెర్లినులో ఆరంభమాయెను. మన దేశములో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్‌వారు 1982లో అట్టిదానిని స్థాపించిరి; నేడది గురుగ్రామములో నున్నది. వ్రాతలో చిక్కని వరుస ధ్వనిలో చిక్కును.

నాలుగవది నోటిమాట. ఇది అన్నిటికంటె దగ్గర, అన్నిటికంటె త్వరగా నశించునది. డప్పు వాయించు పెద్దయొద్దకు వినయముతో పోయి, “తాతగారూ, మీకు ఎవరు నేర్పిరి? ఏ చర్మము బిగింతురు? వాయించుటకు ముందు మంటకేల కాతురు? పెండ్లికి ఏ దెబ్బ, చావునకు ఏ దెబ్బ?” అని యడుగుడు. చెమ్మ తగిలిన చర్మము వదులై నాదము చెడును, సెగకు బిగియును. ఈ సంగతి ఆయన చేతులకు తెలియును. అనుమతి పొంది ఆయన మాటను ఫోనులో పట్టుడు. తేదీ, ఊరు, చెప్పినవారి పేరు వ్రాయుడు. ఆయన చెప్పినది వేరు, మీకు తోచినది వేరుగా నుంచుడు. పిమ్మట మరియొక యూరి పెద్దను అడిగి సరిచూడుడు. ముసలితనమున జ్ఞాపకము తప్పుటయు కలదు. ఇద్దరి మాటలు భిన్నమైన రెండును వ్రాయుడు.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. మన తాతల వాద్యమునుగూర్చి బడిలో చెప్పుట చిన్నతనమని పిల్లలకు తోపనీయకుడు. ఆ బాలుడు సిగ్గుచేతనే తన తాతగారి మాట నాతో ననలేదని తరువాత చెప్పెను. ఆ సిగ్గువలన పోయినది ఏ మ్యూజియములోను దొరకదు.

విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో ఒక్కొక్కరు ఒక్క పెద్దను అడిగి ఒక్క కాగితము వ్రాసి తెండు. గ్రంథాలయములో వానికి ఒక బీరువా ప్రత్యేకింతము. ఇక నెవడైన డప్పునుగూర్చి వ్రాయగోరిన, వానికి ఆ బీరువా తాళము ఇచ్చెదను.